విశాఖ–భీమిలి తీరంలో నాలుగు రోజులు: సముద్రం, నీటి ఆటలు, బౌద్ధారామాలు కలిపి ప్లాన్ చేసుకోవడం

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు దాదాపు 30 కిలోమీటర్లు. వెళ్తుంటే కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన 2,000 ఏళ్ల కిందట భిక్షువులు కాపురమున్న కొండలు. అన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి కదా అని చాలామంది ఒక్క రోజులో చుట్టేద్దామనుకుంటారు. పొద్దున్నే బౌద్ధారామం ఉన్న తొట్లకొండ ఎక్కుతారు, ఎండ ముదిరాక రుషికొండ బీచిలో నీళ్ళలోకి దిగుతారు. ఇది పూర్తిగా తిరగేసిన వరుస. పొద్దున గాలి తక్కువ, నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి. 11 దాటాక సముద్రం మీంచి గాలి లేచి కెరటాలు చిందరవందర అవుతాయి. కొండమీద రాళ్ళు ఎక్కడికీ పోవు, సాయంత్రం 4కి వెళ్ళినా అక్కడే ఉంటాయి. అందుకని ముందు సముద్రానికి ఏ వేళ కుదురుతుందో చూసుకోవాలి, మిగిలిన వేళలు కొండలకు ఇవ్వాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు నెల చూసుకోండి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికీ అనువైన కాలం. ఎండ కొండ ఎక్కనిస్తుంది, సముద్రం పడవల్ని తిరగనిస్తుంది. మార్చిలో కూడా ఫరవాలేదు. ఏప్రిల్, మేలలో నీళ్ళు బాగానే ఉన్నా కొండమీద చెట్టునీడ తక్కువ, ఉక్క భరించలేం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కెరటాలు పెద్దవి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది విశాఖ దగ్గరే. ఆ రెండు నెలల్లో తప్పనిసరిగా రావాల్సి వస్తే, రద్దు చేసుకున్నా డబ్బులు వెనక్కిచ్చే గదులే బుక్ చేసుకోండి.

ఇక్కడో మెలిక ఉంది. స్కూబాకి (గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడానికి) మంచి నెల సర్ఫింగ్‌కి (బోర్డు మీద కెరటమెక్కడానికి) చప్పటి నెల. నీళ్ళలో దూరం కనపడాలంటే సముద్రం కదలకుండా ఉండాలి, బోర్డు మీద నిలబడాలంటే కెరటం లేవాలి. రెండూ ఒకే ట్రిప్పులో అద్భుతంగా కుదరాలని పట్టుబట్టకండి. చలికాలంలో వస్తే స్కూబా ముఖ్యమనుకోండి, సర్ఫింగ్ నేర్చుకోవడమే పని అయితే మార్చి తర్వాత చూడండి.

చేపల కోసం కూడా వచ్చేవాళ్ళు ఇంకో తేదీ గుర్తు పెట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. ఆ 61 రోజులూ వంజరం, చందువ దొరికినా రేటు మండుతుంది, పైగా చాలావరకు ఐస్‌లో పెట్టిన సరుకే.

ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే పొద్దున్నే విశాఖలో ఉంటారు. వేరే రైలు అయితే టికెట్ తీసేముందు ఒకటి చూసుకోండి. కొన్ని దూరప్రాంత రైళ్ళు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా దాటిపోతాయి. విశాఖలో ఇంజను తిప్పాల్సి రావడమే దానికి కారణం. ఆ రైలెక్కితే దువ్వాడలో దిగి సామానుతో ఊళ్ళోకి మరో ప్రయాణం చేయాలి. విమానంలో వచ్చేవాళ్ళు టికెట్ మీద ఉన్నది పాత విమానాశ్రయమా, కొత్త భోగాపురం విమానాశ్రయమా అన్నది చూసుకుని గది తీసుకోండి. భోగాపురం ఊరికి దూరం, భీమిలికి దగ్గర.

గది ఆర్కే బీచ్ దగ్గర తీసుకోవాలా, రుషికొండ వైపా? తిండి, షాపింగ్, సబ్‌మెరైన్ మ్యూజియం ముఖ్యమైతే ఆర్కే బీచ్. ఈ ప్లానుకి మాత్రం రుషికొండ, సాగర్‌నగర్ వైపే నయం. పొద్దున 6:30కి నీళ్ళ దగ్గర ఉండాలంటే ఊళ్ళోంచి బయల్దేరడం ఇబ్బందే. పైగా తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ళ కోసం ఆర్కే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు, చుట్టు తిరిగి రావాలి.

బస్సులో తిరిగేవాళ్ళకు 900కె నంబరు ఈ రోడ్డంతా పనికొస్తుంది. అయితే అది కొండల కింద దింపుతుంది, పైకి ఎక్కదు. తొట్లకొండకు, బావికొండకు ఆటో గానీ అద్దె స్కూటీ గానీ ఉండాలి. ఆటో అయితే రానూపోనూ వెయిటింగ్‌తో కలిపి ముందే బేరం చేసుకోండి. పైన తిరుగు ఆటో దొరకదు.

రోజుల వరుస

మొదటి రోజు దిగిన పూట విశ్రాంతి, మధ్యాహ్నం నుంచి భీమిలి. రెండో రోజు పొద్దున స్కూబా, సాయంత్రం తొట్లకొండ, బావికొండ. మూడో రోజు పొద్దున కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) లేదా సర్ఫింగ్, సముద్రం దిగే ‘పాటు’ సమయాన్ని బట్టి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు. నాలుగో రోజు పొద్దున్నే బొజ్జన్నకొండ చూసి అటునుంచి అటే ఇంటికి.

స్కూబాను రెండో రోజే పెట్టడానికి రెండు కారణాలున్నాయి. ఆ రోజు సముద్రం బాగోలేకపోతే మూడో రోజు చేతిలో ఉంటుంది. రెండోది, నీళ్ళలోంచి వచ్చాక విమానం ఎక్కడానికి గడువు కావాలి. కాలం కలిసిరాక స్కూబా మూడో రోజుకు జరిగితే, నాలుగో రోజు విమానం వేళతో మళ్ళీ లెక్క సరిచూసుకోండి.

ముందురోజు రాత్రి చూడాల్సినవి రెండు. ఒకటి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సమాచారం. కెరటాల ఎత్తు, ఎత్తైన అలల హెచ్చరికలు అందులో ఉంటాయి. రెండు, విశాఖ పోటు–పాటుల పట్టిక. నీళ్ళు ఎక్కితే పోటు, దిగితే పాటు అని మన జాలర్లు అనే మాటే ఇది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న చూసిన టైము ఇవాళ పనికిరాదు.

నీళ్ళలో కాలు పెట్టేముందు

ఆర్కే బీచ్ చూడ్డానికి, మురీ మిక్చర్ తింటూ కూర్చోడానికి. స్నానానికి కాదు. అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, రాళ్ళున్నాయి. ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ మోసపోతారు, ఎందుకంటే రానివాళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతారు. యారాడ అందంగా ఉంటుంది, కెరటం మాత్రం గట్టిది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట దిగడం మరీ పొరపాటు, ఏటి నీళ్ళు పాటు వేళ లోపలికి ఈడ్చుకుపోతాయి.

స్నానానికి రుషికొండలో బోయాలు (నీళ్ళ మీద తేలే గుర్తులు) కట్టి గీత గీసిన భాగం ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. 2020లో ఈ బీచికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రత, భద్రత చూసి ఇచ్చేది) వచ్చింది. దిగేది ఆ గీత లోపలే. ఎర్రజెండా ఉంటే అసలు వద్దు.

లాగే ప్రవాహాన్ని ఒడ్డు మీంచే గుర్తుపట్టవచ్చు. కాస్త ఎత్తుమీద నిలబడి 10 నిమిషాలు కెరటాల్నే చూడండి. అటూ ఇటూ తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, నల్లగా, నున్నగా కనిపిస్తుంది. అక్కడ నురుగు, చెత్త లోపలికి కదులుతుంటాయి. చూసేవాడికి అదే ప్రశాంతమైన చోటనిపిస్తుంది, పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడే దించుతాడు. కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళే దారి అది. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకండి. ఎంత బలమున్నవాడైనా అలిసిపోతాడు. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తండి, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదండి. పాయ దాటాక కెరటాలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకే దూకొద్దు. తేలేది ఏదైనా విసిరి లైఫ్‌గార్డుని పిలవాలి. ఫోన్లు: అన్నిటికీ 112, అంబులెన్స్ 108, తీర పోలీసులు 1093, కోస్ట్‌గార్డ్ 1554.

స్కూబా: అసలు జరిగేదేమిటి, ఎక్కడ చెడుతుంది

ఈత రాకపోయినా చేయగలిగేది ‘పరిచయ డైవ్’. శిక్షకుడు మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, లోతు 12 మీటర్లు దాటకూడదు, వయసు కనీసం 10 ఏళ్లు. అండమాన్ నీలాన్ని ఇక్కడ ఆశించకండి. ఇక్కడ కనిపించేవి రాతి గుట్టలు, వాటి చుట్టూ చేపలు, కాస్త ఆకుపచ్చ నీళ్ళు. వాన పడ్డాక రెండు మూడు రోజులు ఏటి బురద కలిసి దూరం కనపడదు. అప్పుడు ‘‘బాగానే ఉంది సార్, రండి’’ అంటే వెళ్ళకండి, తేదీ మార్చమనండి. సర్టిఫికెట్ ఉన్న డైవర్లకు చింతపల్లి తీరంలో మునిగిన ఓడ ఉంది. ఇది విజయనగరం జిల్లా సముద్రం ఒడ్డు చింతపల్లి, మన్యంలోది కాదు.

డబ్బు కట్టేముందు నాలుగు అడగండి. శిక్షకుడి సర్టిఫికెట్ ఏది? ఒక శిక్షకుడికి ఎంతమంది? పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా? నీళ్ళ కింద ఉండేది ఎన్ని నిమిషాలు? చివరి ప్రశ్నకు ‘‘మొత్తం రెండు గంటలు’’ అంటే అందులో పడవ ప్రయాణం, బట్టలు మార్చుకోవడం కలిసున్నాయని అర్థం. ఆరోగ్య ఫారం ఇవ్వకుండా దించేవాళ్ళ దగ్గర దిగొద్దు. గర్భం ఉంటే అసలు దిగకూడదు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే దిగకూడదు, లేదా డాక్టరు రాసిస్తేనే దిగాలి. జలుబు చేసి ఉంటే ఆ రోజుకు వదిలేయండి, ముక్కు దిబ్బడ ఉంటే చెవి సర్దుకోదు.

చెవి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నీటి అడుగుకు ఒక్కో మీటరు దిగేకొద్దీ చెవి పొర మీద ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు రెండు వేళ్ళతో మూసి, నోరు మూసి, మెల్లగా ఊదాలి. చెవిలో ‘టప్’ మంటుంది, ఒత్తిడి సరిపోతుంది. నొప్పి పుట్టాక చేయడం కాదు, పుట్టకముందే, తల మునిగిన మొదటి మీటరు నుంచే మొదలెట్టాలి. పట్టకపోతే గట్టిగా ఊదకండి, అర మీటరు పైకి లేచి మళ్ళీ ప్రయత్నించండి. డైవ్ సగంలో ఆగిపోయేవాళ్ళలో చాలామందికి కారణం భయం కాదు, ఇదే.

రెండో పొరపాటు నవ్వొచ్చేది. నీళ్ళ కింద బాగుందని చెప్పడానికి మనవాళ్ళు బొటనవేలు ఎత్తుతారు. స్కూబాలో ఆ సైగకు ‘పైకి పోదాం’ అని అర్థం, శిక్షకుడు చక్కగా పైకి తీసుకొచ్చేస్తాడు. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. బాగోలేకపోతే అరచెయ్యి అడ్డంగా ఊపి ఎక్కడ ఇబ్బందో చూపాలి. మీసం ఒత్తుగా ఉన్నవాళ్ళకు మాస్కులోకి నీళ్ళు కారతాయి, ముక్కు కింద కొంచెం కత్తిరించుకుంటే సరి. ఊపిరి ఎప్పుడూ బిగపట్టొద్దు, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు. దిగడానికి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. పూరీ తిని పడవెక్కితే డైవ్ కంటే ముందు వాంతి వస్తుంది. ముందురోజు రాత్రి మందు ముట్టొద్దు.

పైకి వచ్చాక ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది, మెల్లగా బయటికి పోవాలి. ఆ లోగా ఎత్తుకు పోతే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. అందుకే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. విమానం సంగతి చాలామందికి తెలుసు. అరకు కూడా ఇదే లెక్కలోకి వస్తుందని తట్టదు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడికి పోయే ఘాట్ ఇంకా ఎత్తు. పొద్దున డైవ్, మధ్యాహ్నం అరకు కారు అని ప్యాకేజీ అమ్మితే కొనకండి. అరకు వెళ్ళాలనుంటే స్కూబాకు ముందే వెళ్ళిరండి. తొట్లకొండ ఎత్తు సుమారు 128 మీటర్లే, దానికి ఈ భయం లేదు. అలిసిపోకుండా నింపాదిగా ఎక్కితే చాలు.

కయాక్, సర్ఫింగ్, పారాసెయిలింగ్

కయాక్‌లో మోసం చేసేది నిశ్శబ్దంగా వీచే పొద్దుటి గాలి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, నీళ్ళు అద్దంలా ఉంటాయి, తెడ్డు వేయకుండానే లోపలికి పోతుంటారు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. బలమంతా పోయేటప్పుడు వాడకుండా సగం దాచుకోండి, ఒడ్డుకు 100 మీటర్ల లోపలే తిరగండి. బోల్తా పడితే కయాక్‌ని వదిలి ఈదొద్దు. తేలే పడవను పట్టుకున్నవాడు దూరానికి కూడా కనిపిస్తాడు.

సర్ఫింగ్‌కి మొదటి పాఠం నడుము లోతులో, విరిగిన తెల్ల నురుగు మీదే. 8, 9 అడుగుల మెత్తటి బోర్డు అడగండి. పొట్టి బోర్డు ఫొటోకి బాగుంటుంది, నేర్చుకునేవాడిని నిలబడనివ్వదు. బోర్డు ఎప్పుడూ మీకూ కెరటానికీ మధ్య ఉండకూడదు, అది వచ్చి మొహానికే తగులుతుంది.

పారాసెయిలింగ్ (పారాచూట్ కట్టి గాల్లోకి లాగే ఆట) దొరికిన రోజు, పడవలోని వించ్ (తాడు చుట్టే యంత్రం) మీంచి ఎక్కించి దించేదే ఎంచుకోండి. ఇసుక మీద జీపుతో లాగేది వద్దు. తొడపట్టీలు బిగించారో లేదో మీరే లాగి చూడండి. లైఫ్‌జాకెట్ పట్టీల్లో చెయ్యి దూరితే అది వదులుగా ఉన్నట్టు. ‘‘రెండు నిమిషాలకి ఏంటి సార్’’ అన్నా సరే, బిగించమనండి.

తొట్లకొండను ఎలా చూడాలి

పైకి వెళ్ళినవాళ్ళు ‘‘ఏముంది, మోకాలెత్తు గోడలు’’ అని 20 నిమిషాల్లో దిగిపోతారు. బుద్ధుడి బొమ్మ కోసం వెతికితే దొరకదు మరి. ఇది హీనయాన కాలపు ఆరామం. క్రీస్తుపూర్వపు శతాబ్దాల నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల వరకు నడిచింది. ఇక్కడ మొక్కింది స్తూపానికి, విగ్రహానికి కాదు. నౌకాదళం ఇక్కడ స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది.

గంటన్నర కేటాయించి, మొదట తొట్ల దగ్గరికి వెళ్ళండి. కొండకు ఆ పేరు వాటివల్లే వచ్చింది. అంచున కూర్చుని లోపలికి చూస్తే ఇవి కట్టినవి కావు, రాతిలోకి తొలిచినవని తెలుస్తుంది. కొండమీద ఊట లేదు, ఏరు లేదు. ఉన్నది వాన ఒక్కటే. పైన పడిన నీళ్ళను వాలు ప్రకారం మళ్ళించి ఇందులో నింపుకుని ఎండాకాలమంతా తాగారు. మీరు మోసుకొచ్చిన రెండు లీటర్ల సీసా బరువు అప్పుడు అర్థమవుతుంది. (ఆ సీసా మాత్రం తప్పకుండా తెచ్చుకోండి, పైన కొట్లు ఉంటాయని నమ్ముకోవద్దు.)

తర్వాత మహాస్తూపం, దాని చుట్టూ చిన్న మొక్కుబడి స్తూపాలు. చైత్యాలు, అంటే ప్రార్థన మందిరాలు, రెండు రకాలు: గుండ్రంగా ఉన్నవి, వెనకవైపు ఏనుగు వీపులా వంపు తిరిగినవి. గుమ్మం ముందు అర్ధచంద్రాకారంలో ఉన్న రాయిని తొక్కకుండా పక్కనుంచి వెళ్ళండి. వరుసగా ఉన్న చిన్న గదులు విహారాలు. ఒక గదిలో నిలబడి చేతులు చాపితే భిక్షువు బతుకు కొలత తెలుస్తుంది. వంటశాల, భోజనశాల, స్తంభాల సభామండపం పునాదులు చివర్లో చూడండి.

ఆఖరున సముద్రం కనిపించే అంచుకు రండి. ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఈ కొండ మీంచి అప్పట్లో కనిపించినవి సరుకు ఓడలు, పొద్దున మీరు స్కూబాకు దిగిన సముద్రంలోనే. సన్యాసులు ఊరికి దూరంగా, వర్తకులకు దగ్గరగా చోటు చూసుకున్నారు.

సూర్యుడు వెనక కొండల్లోకి దిగుతాడు కాబట్టి 4 తర్వాత వెలుగు రాళ్ళ మీద పక్కనుంచి పడి గోడల ఆకారాలు తేటగా కనిపిస్తాయి. చీకటి పడకముందే గేటు మూసేస్తారు. అందుకని 3:30కి కింద ఉంటే బావికొండ కూడా కలుస్తుంది. బావికొండలో ఎముక ముక్క ఉన్న ధాతుపాత్ర దొరికింది. అది బుద్ధుడి ధాతువేనని, అంటే శరీర అవశేషమేనని భావిస్తారు. జనం తక్కువ, అదే దాని సుఖం. టైము ఒకదానికే ఉంటే మాత్రం తొట్లకొండే.

భీమిలి

ఇది మొదటిరోజు మధ్యాహ్నం పని. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికి దిగిన రేవు ఇది, వాళ్ళ సమాధుల తోట బీచికి నడిచే దూరంలోనే ఉంది. 1861లో మున్సిపాలిటీ అయిన ఊరు. పావురాళ్ళకొండను స్థానికంగా నరసింహస్వామి కొండ అంటారు. అక్కడ రాతిలో తొలిచిన 16 తొట్లున్నాయి. ఎక్కే ఓపిక లేకపోతే మానేయండి, తొట్లకొండ ఎలాగూ చూస్తారు. ఈ దారిలో నేవీ స్థలాలున్నాయి, డ్రోన్ తీయకండి.

మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు

మంగమారిపేట దగ్గర కెరటాలు కొరికి చేసిన సహజ రాతి తోరణం ఉంది. పాటులో వెళ్తేనే పూర్తిగా కనిపిస్తుంది, పోటులో వెళ్తే రాళ్ళు, నురుగు తప్ప ఏమీ లేదు. పట్టికలో అత్యల్ప పాటుకు గంట ముందు అక్కడ ఉండండి. పచ్చటి నాచున్న రాయి మీద రబ్బరు చెప్పులతో అడుగు పెట్టొద్దు.

భీమిలి వైపు ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి, నీరు పేర్చిన ఇసుక తుప్పుపట్టినట్టు ఎర్రబడి, వాన కోతకు లోయలు పడింది. భారత భూగర్భ సర్వే సంస్థ 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గోడలు రాయిలా కనిపిస్తాయి, గోరు పెడితే రాలుతాయి. అంచు మీద నిలబడి ఫొటో దిగొద్దు, వానలో ఆ కోత లోయల్లోకి దిగొద్దు. పేర్లు చెక్కేవాళ్ళకు ఏం చెప్పాలి.

బొజ్జన్నకొండ: తిరుగుదారిలో

అనకాపల్లి పక్కన శంకరం ఊళ్ళో రెండు గుట్టలు. విశాఖ నుంచి 40 కిలోమీటర్ల లోపు, విజయవాడ వైపు హైవేకి దగ్గర. కాబట్టి కారులో పోయేవాళ్ళకు దారిలోనే పడుతుంది. రైలువాళ్ళు అనకాపల్లిలో ఆగే రైలు చూసుకుంటే మళ్ళీ విశాఖ రానక్కర్లేదు. సామాను మాత్రం ఆటోలోనే ఉంచాల్సి వస్తుంది.

తొట్లకొండలో లేని బుద్ధుడు ఇక్కడున్నాడు. రాతిని తొలిచిన గుహలు, గోడల మీద ధ్యానబుద్ధులు, స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం. హీనయానం, మహాయానం, వజ్రయానం అనే మూడు బౌద్ధ శాఖలూ ఈ కొండ మీదుగా సాగాయి. 1906 నుంచి పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వించారు. బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయింది, సంఘారామం శంకరం అయింది. పక్క గుట్టమీద వరుసగా చెక్కిన చిన్న స్తూపాలు లింగాల్లా కనిపించి అది లింగాలకొండ అయింది. కనుమ రోజున ఇక్కడ తీర్థం, ఊళ్ళకు ఊళ్ళే వస్తాయి. తీరిగ్గా చూడాలంటే ఆ రోజు వద్దు, జనాన్ని చూడాలంటే ఆ రోజే రండి. మెట్లు నిటారు, పొద్దున 8 లోపు ఎక్కడం మొదలెట్టండి. లింగాలకొండకు ఇంకో ముప్పావుగంట ఉంచుకోండి. చాలామంది మొదటి కొండ దిగగానే కారెక్కేస్తారు.